అరవై ఒకటో రోజు

కొడుకు రిమాండులో ఉన్నాడని మందస నుంచో సీతంపేట నుంచో తొలి బస్సుకు బయల్దేరి వచ్చిన తల్లి, కోర్టు ఆవరణలో చెట్టు మొదట్లో కూర్చుని ఉంటుంది. చేతిలో గుడ్డసంచి, అందులో కాగితాలు. ఏ కాగితం దేనికో ఆమెకు తెలియదు. "పిలీడరు బాబు సూసుకుంటాడు" అన్నదొక్కటే ధీమా. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ కోర్టుకు వెళ్లినా ఇలాంటి తల్లి కనిపిస్తుంది. ఆమె గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. చెప్పాల్సింది ఆ ప్లీడరు బాబు గురించి.

ఒక చిన్న లెక్క చూడండి. మరణశిక్ష గానీ, యావజ్జీవం గానీ, పదేళ్లు అంతకు మించిన శిక్ష గానీ పడే నేరమైతే పోలీసులు 90 రోజుల్లో చార్జిషీటు వేయాలి. మిగతా నేరాలకు 60 రోజులు. గడువు దాటినా చార్జిషీటు రాకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా దక్కుతుంది. జడ్జిగారి దయతో పని లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహితలో 187(3) చెప్పేది ఇదే. రోజుల లెక్క రిమాండు చేసిన రోజును కలుపుకునే మొదలవుతుందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. కానీ ఆ హక్కు దానంతట అది ఇంటికి రాదు, అడగాలి. అరవై ఒకటో రోజు పొద్దున్నే దరఖాస్తు పడి, పూచీకత్తుకు సిద్ధంగా ఉంటే కుర్రాడు బయటికొస్తాడు. ప్లీడరు తీరిగ్గా మధ్యాహ్నం వచ్చి, అప్పటికే చార్జిషీటు దాఖలై ఉంటే ఆ హక్కు పోయినట్టే. ఆ తర్వాత మామూలు బెయిలు దరఖాస్తు, వాయిదాలు, మళ్లీ చెట్టు కింద ఆ తల్లి. గంజాయి కేసయితే లెక్క ఇంకోలా ఉంటుంది. ఇరవై కిలోలు దాటిన సరుకు పట్టుబడితే గడువు 180 రోజులు. ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న మన కోర్టుల్లో ఈ కేసులు ఎన్నో వేరే చెప్పక్కర్లేదు.

వేళ్లమీద లెక్కపెట్టే పని ఇది. అయినా తప్పుతోంది. తప్పినవాడు తెలివితక్కువవాడేమీ కాదు. మూడేళ్ల లా కోర్సులో ఈ లెక్క చెప్పిన రోజున అతను క్లాసులో లేడు. లేదా ఉన్నాడు, వినలేదు.

అందుకే ఈ హెచ్చరిక. ఇంకో ఐదారేళ్లలో శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో నల్లకోటు తొడుక్కోబోయే పిల్లల్లో చాలామంది ఇప్పుడు చదువులో లేరు. కొందరు కాలేజీకే రారు. కొందరు వచ్చి కూర్చుంటారు గానీ మనసు అక్కడుండదు. ఈ రెండో రకాన్ని ఏ హాజరుపట్టీ పట్టుకోలేదు. అసలు భయం వాళ్ల గురించే.

రాని వాళ్ల సంగతి త్వరగా ముగిస్తాను. అది అందరికీ తెలిసిన గుట్టు. అడ్మిషన్ తీసుకోవడం, పరీక్షలకు కనబడటం, నడుమ హాజరు "చూసుకోవడం". క్లాసుకు పోకుండానే పొరుగు రాష్ట్రాల లెటర్‌ప్యాడ్ కాలేజీల నుంచి లా పట్టాలు తెచ్చుకుంటున్నారని 2015లో మద్రాసు హైకోర్టు మండిపడింది. ఆ పొరుగు రాష్ట్రాల్లో మన పేరూ ఉంది. తలదించుకోవాల్సిన మాటే. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా బయోమెట్రిక్ హాజరు పెట్టమంది, సీసీ కెమెరాలు పెట్టమంది, ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి రాసిమ్మంది. వేలిముద్ర పడుతుంది, సరే. వేలు వెనక మనసు వస్తుందా?

కిందటేడు ఒక కాలేజీలో (పేరెందుకు) పిల్లలతో గంటసేపు మాట్లాడమంటే వెళ్లాను. చెప్పాల్సింది చెప్పి, సందేహాలున్నాయా అని అడిగాను. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. బయటికొచ్చాక వరండాలో ఒకబ్బాయి ఆగి అటూ ఇటూ చూసి, "సార్, కాగ్నిజబుల్ అంటే ఏటండి?" అన్నాడు. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగిన నేరం అని చెప్పి రెండడుగులు వేశానో లేదో, మెట్ల దగ్గర ఇంకో అమ్మాయి అదే అడిగింది. సైకిల్ స్టాండు దగ్గర ఇంకొకరు. అక్కడికి ముగ్గురు. ముగ్గురూ ఒకే బెంచీల వరుసలో కూర్చున్నవాళ్లే. పక్కవాళ్లకు అర్థమైందని, తనకొక్కరికే అర్థం కాలేదని ఎవరికి వారు అనుకున్నారు. అడిగితే నవ్వుతారని భయం. పోనీ రెండో సంవత్సరంలో తెలుస్తుందిలే అనుకుంటారు. రెండో సంవత్సరంలో అడగడానికి ఇంకా సిగ్గు, ఎందుకంటే అది మొదటి సంవత్సరం మాట కదా. మూడో ఏడు వచ్చేసరికి అడగడమే మానేస్తారు. పైకి చూసే మాస్టారికి అది "ఇంట్రస్టు లేని బ్యాచ్".

ఇంట్రస్టు లేకపోవడం కాదది. ఇచ్ఛాపురం నుంచో సాలూరు నుంచో వచ్చిన పిల్ల ఇంట్లో కోర్టు మొహం చూసినవాళ్లు లేరు. చూసిన వాళ్లుంటే కక్షిదారులుగానే చూశారు. డిగ్రీ దాకా తెలుగులో చదివింది. తొలిరోజే లాటిన్ మాటలు, నూటయాభై ఏళ్ల కిందటి ఇంగ్లిషు వాక్యాలు. పైగా లాసెట్ జూన్‌లో రాస్తే కౌన్సెలింగ్ ముగిసి క్లాసులో అడుగుపెట్టేసరికి దసరా, దీపావళి దాటిపోయిన ఏళ్లు ఉన్నాయి. సెమిస్టరు మొదలైందనుకునే లోపే పరీక్ష ఫీజు నోటీసు. ఇక మిగిలేది పది రోజులు, ఒక ఆల్ ఇన్ వన్ గైడు.

ఆ గైడు గురించి ఒక మాట. అది చేసే మోసం చాలా తియ్యనిది. మూడుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్నే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, మూసి రాసినవాళ్లకు 56 శాతం. పది రోజుల చదువు పరీక్ష హాలు గుమ్మం దాటేదాకా తోడుంటుంది. అరవై ఒకటో రోజు దాకా ఉండదు.

గైడుకు ఇంకో తెగులు కూడా పట్టింది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి మారింది, దర్యాప్తు చట్టం మారింది, సాక్ష్యాధారాల చట్టం మారింది. మనం నోరారా తిట్టుకునే ఫోర్ ట్వంటీ ఇప్పుడు లేదు. కొత్త న్యాయ సంహితలో సెక్షన్లే 358. మోసానికి 318 చూడాలి. ఊళ్లో గొడవలైతే పెట్టే 144 సెక్షన్ ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 163. మరి 144 ఏమైంది? అది మనోవర్తి సెక్షన్ అయింది, పాత 125. అయితే పాత నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి రేపటి లాయరుకు రెండూ రావాలి. పాత గైడు బట్టీ పట్టినవాడు మనోవర్తి అడగబోయి ఏ కాగితం మీద ఏ నంబరు వేస్తాడో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మనసు ఎందుకు తప్పుకుంటుందో చెప్పే సిద్ధాంతం ఒకటుంది. డెసీ, రయాన్ అనే ఇద్దరు పండితులు చెప్పింది. ఈ పని నా ఇష్టంతో చేస్తున్నాను అనిపించాలి, నాకు చేతనవుతోంది అనిపించాలి, నన్ను పట్టించుకునేవాళ్లు ఇక్కడున్నారు అనిపించాలి. ఈ మూడూ లేనిచోట మనిషి కూర్చుంటాడు గానీ నిలవడు. లా విద్యార్థుల మీద దీన్ని పెట్టి చూసినవాళ్లు షెల్డన్, క్రీగర్. లోపలి నుంచి ఉత్సాహంతో చేరిన పిల్లలు మొదటి ఏడాదిలోనే నీరసపడి, చదువు మీద ప్రేమ పోయి మార్కుల లెక్కలోకి దిగిపోతున్నారని వాళ్లు గమనించారు. 2007లో రెండు లా కాలేజీలను పోల్చి రాశారు. తమ మాటకు మాస్టార్లు విలువ ఇస్తున్నారని పిల్లలకు అనిపించిన కాలేజీలో మనసూ కుదురుగా ఉంది, బార్ పరీక్షలో ఫలితమూ మెరుగ్గా ఉంది. అదంతా అమెరికా సంగతే, కాదనను. కానీ సైకిల్ స్టాండు దగ్గర నన్ను ఆపిన పిల్లకు ఆ మూడింట్లో ఏది దొరికింది?

ఇప్పుడు అసలు తొందర ఎందుకో చెప్పాలి. 2016 ఆగస్టులో ఢిల్లీలో హాజరు చాలక పరీక్ష రాయనివ్వని ఒక లా విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. సుప్రీంకోర్టు తనంతట తాను కదిలింది, కేసు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 నవంబరు 3న తీర్పు వచ్చింది. కనీస హాజరు లేదన్న కారణంతో లా విద్యార్థిని పరీక్షకు రానివ్వకుండా ఆపకూడదంది. మంచి తీర్పు. పిల్లల ప్రాణం కన్నా డెబ్బై శాతం హాజరు గొప్పది కాదు. కానీ దాన్ని మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఎలా చదువుతున్నారు? "ఇక క్లాసుకు పోనక్కర్లేదు" అని. తీర్పులో ఆ మాట లేదు. హాజరు ఎంతుందో వారం వారం చెప్పమంది. తగ్గితే నెల నెలా తల్లిదండ్రులకు తెలపమంది. వెనకబడిన వాళ్లకు అదనపు క్లాసులు పెట్టమంది. అప్పటికీ తగ్గితే మార్కుల్లో 5 శాతం దాకా కోసుకోవచ్చంది. మూట్ కోర్టు, సెమినారు, కోర్టు సందర్శన లాంటి వాటికీ హాజరులో విలువ ఇవ్వమంది. కాలేజీ మీద బాధ్యత పెంచిన తీర్పును పిల్లలకు సెలవు చీటీగా పంచిపెడుతున్నారు.

రెండో తొందర ఇంతకన్నా గట్టిది. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న పాత నియమాన్ని మళ్లీ తెచ్చింది. పట్టా పుచ్చుకుని నేరుగా కోచింగు సెంటరుకు పోయే దారి మూసుకుంది. ఇకనుంచి జడ్జి కావాలన్న ప్రతి పిల్లా మొదట మూడేళ్లు కక్షిదారుడి ముందు నిలబడాలి. అంటే ఏమీ నేర్వని చేతుల్లోకి నిజమైన కేసులు వస్తాయి. ఆల్ ఇండియా బార్ పరీక్ష ఆపుతుందనుకుంటారేమో. వంద బహుళైచ్ఛిక ప్రశ్నలు, తెలుగులోనూ రాయొచ్చు, బేర్ యాక్టులు వెంట తీసుకెళ్లొచ్చు. ఆ గేటు ఎత్తు అంతే. చెట్టు కింద కూర్చున్న తల్లి మీదే ఆ పిల్లలు పని నేర్చుకుంటారు.

పని నేర్పే ఏర్పాటు పుస్తకంలో లేదా అంటే, నిక్షేపంలా ఉంది. 2008 బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. మూట్ కోర్టుల్లో వాదించాలి. ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ కూర్చుని చూసి డైరీ రాయాలి, దానికి 30 మార్కులు. కక్షిదారుడితో సీనియరు మాట్లాడే తీరు గమనించి రాయాలి, దానికి 15. ఇంత చక్కటి చదువు మన దగ్గర "రికార్డు" అనే ఒక అట్టపుస్తకంగా మారిపోయింది. సీనియరు రికార్డు జూనియరు దించుతాడు. ఆ సీనియరు ఎవరి రికార్డు దించాడో అతనికే గుర్తుండదు. చూడని విచారణలో సాక్షి చెప్పని మాటలు తరం నుంచి తరానికి అందమైన చేతిరాతతో దిగుతూనే ఉంటాయి. కోర్టులో అబద్ధపు సాక్ష్యం నేరమని చదువుకునే పిల్లలతో మనం చేయించే మొదటి ప్రాక్టికల్ ఇదీ!

మన ప్రాంతంలో పాఠానికి కరువా? ఎచ్చెర్లలో అంబేడ్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉంది. ఆ మండలంలోదే డి. మత్స్యలేశం అనే ఊరు. అక్కడి నుంచి గుజరాత్ పడవల్లో వేటకు పోయి 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కిన మత్స్యకారులు 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. సముద్రంలో సరిహద్దు గీత ఎవరు గీస్తారు, ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలు ఖైదీల జాబితాలు ఎందుకు ఇచ్చిపుచ్చుకుంటాయి, పడవ యజమాని మీద కేసు వేయొచ్చా? అంతర్జాతీయ చట్టం పాఠాన్ని ఈ ప్రశ్నలతో మొదలుపెడితే నిద్రపోయే పిల్ల ఉంటుందా? సోంపేట బీల, అంటే చిత్తడి భూములు కాగితాల్లో పనికిరాని నేల. 2010 జూలై 14న అక్కడ కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అక్కడ కట్టబోయిన థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. పర్యావరణ చట్టం ఇంతకన్నా దగ్గరగా ఎక్కడ దొరుకుతుంది? ఏజెన్సీ భూముల మీద దేశమంతా చదివే సమత తీర్పు, 1997 జూలై 11ది, అనంతగిరి మండలం బొర్రా పరిసరాల నుంచి పుట్టింది. పార్వతీపురంలో, సీతంపేటలో ఈ రోజుకీ నలుగుతున్న గిరిజన భూముల 1/70 చట్టం తగాదాలకు అదే ఆధారం. కొత్తవలస, పెందుర్తి దాటితే సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లలు ఈ తీర్పును ఇంగ్లిషులో చదువుతారు. మన పిల్లలు ఆ భూమి మీద పుట్టారు. ఎవరికి ముందు అర్థం కావాలి?

ఇంకో ఆస్తి ఉంది, దాన్ని ఆస్తి అని ఎవరూ చెప్పరు. భాష. మనోవర్తి కేసులో ఒక ఆడమనిషి బోనులో నిలబడి "మా ఆయన నన్ను ఒగ్గీసినాడండి" అంటుంది. వేరే ప్రాంతం నుంచి వచ్చిన లాయరు ఆ మాటను "వదిలి వెళ్లాడు" అని రాయించి ఊరుకుంటాడు. ఒగ్గేయడమంటే ఇల్లు విడిచిపోవడం ఒక్కటే కాదని మనకు తెలుసు. అదే ఇంట్లో ఉంటూ తిండిబట్టలు చూడకపోవడమూ ఒగ్గేయడమే. చట్టం అడిగేదీ సరిగ్గా అదే: భర్త స్తోమత ఉండి పోషించకుండా నిర్లక్ష్యం చేశాడా, నిరాకరించాడా? ఆ ఒక్క మాటను విప్పి అడగగలిగిన జూనియరు కేసు నిలబెడతాడు. రావిశాస్త్రిగారు శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా బతికారు. సారా కేసుల్లో ఇరుక్కున్న బీదాబిక్కీ మాటను వినగలిగారు కాబట్టే ఆరు సారా కథలు రాయగలిగారు. మన క్లాసులో ఆ యాసను చూసి నవ్వుతారు. నవ్విన రోజున ఆ పిల్ల నోరు మూసుకుంటుంది, వరండాలో అడగడం మొదలవుతుంది.

కాలేజీల యాజమాన్యాలకు చెప్పేది ఇది. కొత్త లా కాలేజీలకు మూడేళ్లు అనుమతులు ఆపుతున్నట్టు బార్ కౌన్సిల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. కాబట్టి ఉన్న మీరే బాగుపడాలి. ప్రతి క్లాసు చివర ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, ఈ రోజు ఏం అర్థమైందో, ఏం కాలేదో పేరు లేకుండా చీటీ మీద తెలుగులోనే రాయించండి. మర్నాడు ఆ చీటీలతోనే పాఠం మొదలుపెట్టండి. ఖర్చు ఒక తెల్లకాగితం. దించిన రికార్డుకు సున్నా వేయండి. ఒక్కసారి వేసి చూడండి.

బార్ అసోసియేషన్ పెద్దలకు మరో మాట. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టకండి. మీ ఆఫీసుకు వచ్చిన పిల్లకు మొదటి రోజే రిమాండు రిపోర్టు చేతికిచ్చి, అరవయ్యో రోజు ఏ తారీఖు అవుతుందో లెక్కపెట్టమనండి. ఆ పిల్ల జీవితాంతం మర్చిపోదు.

తల్లిదండ్రులకు: "లా చదువుతూ పక్కన ఉద్యోగం చేసుకుంటాడు, క్లాసులకు పోనక్కర్లేదంట" అని ఎవరైనా మీతో చెబితే ఆ కాలేజీ గుమ్మం తొక్కకండి. మీ వాడు పట్టా తెస్తాడు, ఆ పట్టాతో పక్కింటివాడి భూమి కేసు పోగొడతాడు. ఊళ్లో మొహం చూపించాల్సింది మీరు.

ఇక పిల్లలకు. మీ మీద నాకు కోపం లేదు. వరండాలో అడిగిన ప్రశ్న క్లాసులో అడగండి, మీ పక్కనున్న ఇద్దరూ లోపల మీకు దండం పెట్టుకుంటారు. ఈ వారంలోనే ఒక రోజు కాలేజీకి ముందో, తర్వాతో మీకు దగ్గర్లో ఉన్న కోర్టుకు వెళ్లండి. సోంపేట, టెక్కలి, పాలకొండ, బొబ్బిలి, ఏదైనా సరే. చట్టం మూసిన గదిలో జరపమన్న కేసులు తప్పిస్తే కోర్టు అందరికీ తెరిచిన గదే. ఫోను ఆపేసి వెనక బల్ల మీద కూర్చోండి. ఒక సాక్షిని మొదటి నుంచి చివరిదాకా వినండి. ఇంటికెళ్లి పుస్తకం చూడకుండా రాసుకోండి. బయటికొచ్చేటప్పుడు చెట్టు కింద ఎవరైనా కాగితాల సంచితో కనిపిస్తే పలకరించి, ఆ కాగితం మీద రిమాండు తేదీ ఎంతుందో చూసి, వాళ్ల ప్లీడరుగారికి ఇవాళే గుర్తు చేయమని చెప్పండి.